పొటోమాక్ ఎవరిది?

(శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఒక తెలుగు సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోంది కదా? సరే.

మొదట ఒక ప్రశ్న. ఓక్లండ్‌లో జాక్ లండన్ స్క్వేర్‌కి వెళ్లినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అక్కడ నీళ్ల ఒడ్డున, రూజ్‌వెల్ట్ పేరు పెట్టిన రేవు దగ్గర కట్టేసి ఉండే తెల్ల ఓడ గుర్తుందా? పొటోమాక్. దాన్ని ఎక్కి చూసినవాళ్లు? ఇద్దరు... ముగ్గురు. ఫర్వాలేదు. మేమూ ఎన్నో ఏళ్లు దాని పక్కనుంచే నడిచి హోటల్‌కి వెళ్లి, తిని, వచ్చేసేవాళ్లం.

నాకు పాత మోటార్ యాట్‌లంటే, అదే, డబ్బున్నవాళ్లు విహారానికి వాడే ఓడలంటే ఇష్టం. వాటి మీద వచ్చిన పుస్తకాలు దొరికినప్పుడల్లా చదువుతాను. ప్రతి పుస్తకంలోనూ ఒక ఫోటో ఉంటుంది. మెరిసిపోయే ఓడ, డెక్ మీద తెల్ల ప్యాంటు వేసుకుని ఒక పెద్దమనిషి. ఆయన బ్యాంకరో, ఆయిల్ కంపెనీ యజమానో, ప్రెసిడెంటో. బాగానే ఉంది. కానీ ఆ పెద్దమనిషి పోయాక ఏమైంది? ఎవరు కొన్నారు? ఎంతకి కొన్నారు? రంగు వేయించారా, వదిలేశారా? ఓడ ఉంటుందా పోతుందా అన్నది తేలేది అక్కడ. పేరున్న యజమాని చేతిలో ఏ ఓడా పాడవదు. పేరులేని యజమానుల చేతుల్లోనే దాని బతుకు తేలుతుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అదే.

పొటోమాక్ కథ చెప్పాలంటే ముందు దాని అక్క కథ చెప్పాలి. సెకోయా. 1925లో న్యూజెర్సీలో, క్యామ్డెన్ అనే ఊళ్లో మాథిస్ వాళ్ల యార్డులో కట్టారు. డిజైన్ చేసింది జాన్ ట్రంపీ. ఆ కాలంలో అమెరికాలో డబ్బున్నవాళ్లకి ట్రంపీ డిజైన్ చేసిన చెక్క యాట్ అంటే గొప్ప. 104 అడుగుల పొడవు. కట్టించుకున్నది ఫిలడెల్ఫియాకి చెందిన క్యాడ్వలాడర్ దంపతులు. ఆవిడ పుట్టింటివాళ్లు రోబ్లింగులు, న్యూయార్క్‌లో బ్రూక్లిన్ బ్రిడ్జి కట్టిన కుటుంబం. వాళ్ల తర్వాత ఒక ఆయిల్ కంపెనీ ప్రెసిడెంటు కొన్నాడు. 1931లో ప్రభుత్వం కొంది. ఇంకో రెండేళ్లకి రూజ్‌వెల్ట్ ప్రెసిడెంటయ్యాడు. వారాంతాల్లో ఆ ఓడలో నది మీదికి వెళ్లడం ఆయనకి అలవాటయింది.

ఇక్కడొక ఇబ్బంది వచ్చింది. సెకోయా చెక్క ఓడ.

రూజ్‌వెల్ట్‌కి 1921 ఆగస్టులో పోలియో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 39. నడుం కింద కాళ్లు రెండూ పడిపోయాయి. మనలో చాలామందికి ఈ సంగతి తెలుసు. కానీ ఆ కాలంలో అమెరికన్లకి ఎంతవరకు తెలుసు? పోలియో వచ్చిందని తెలుసు, కోలుకున్నాడనుకున్నారు. ఆయన వీల్‌చైర్‌లో ఉన్న ఫోటోలు పత్రికల్లో దాదాపు రావు. ఆయనకి ప్రపంచంలో దేనికీ లేనంత భయం నిప్పంటే. ఎందుకో చెప్పనక్కర్లేదు కదా. మంటలొస్తే మనం లేచి పరిగెడతాం. ఆయన ఏం చేస్తారు? చెక్క ఓడలో, నది మధ్యలో?

అందుకని ఉక్కు ఓడ కావాలన్నారు. అంగరక్షకులకీ చోటు చాలడం లేదు. వెతికితే కోస్ట్ గార్డ్ దగ్గర ఎలెక్ట్రా అనే గస్తీ ఓడ దొరికింది. 1934లో విస్కాన్సిన్‌లో, మానిటొవాక్ అనే ఊళ్లో కట్టారు. 165 అడుగులు, రెండు వింటన్ డీజిల్ ఇంజిన్లు. దాన్ని యాట్‌గా మార్చి 1936లో పొటోమాక్ అని పేరు పెట్టారు. వాషింగ్టన్ పక్కనుంచి పారే నది పేరు.

దాన్ని చూడటానికి వెళ్తే అందరూ అడిగేది ప్రెసిడెంటు గది ఎక్కడని. చూడండి, తప్పులేదు. చాలా మామూలు గది. ఇరుకు మంచం. కోటీశ్వరుల యాట్‌లలో ఉండే హంగు ఏమీ లేదు. కానీ గది చూసి దిగిపోకండి. వెనక ఉన్న పొగగొట్టం చూడండి.

ఆ పొగగొట్టం లోంచి పొగ రాదు. ఎప్పుడూ రాలేదు. డీజిల్ ఇంజిన్లకి ముందున్న గొట్టం చాలు. రెండోది ఉత్తుత్తిది. దాని లోపల ఏముందంటే, లిఫ్టు. ఒక మనిషి కుర్చీతో సహా పట్టేంత లిఫ్టు. కింది డెక్ నుంచి పై డెక్‌కి వెళ్తుంది. కరెంటుతో నడిచేది కాదు. తాళ్లు, గిలకలు. మన ఊళ్లలో నుయ్యి గిలక మీద చేంతాడు లాగి నీళ్లు తోడుకున్నట్టు, రూజ్‌వెల్ట్ తన చేతులతో తాడు లాగి తనని తాను పైకి తోడుకునేవాడు.

అమెరికా ప్రెసిడెంటుకి కరెంటు లిఫ్టు పెట్టించడం ఎంతసేపు చెప్పండి? పెట్టించుకోలేదు. మంటలు లేచినప్పుడు కరెంటు పోతుంది. కరెంటు పోతే లిఫ్టు ఆగుతుంది. తన చేతులు ఆగవు. న్యూయార్క్ రాష్ట్రంలో హైడ్ పార్క్‌లో ఆయన ఇల్లు ఉంది. అక్కడా అంతే, చేత్తో తాడు లాగే లిఫ్టే. ఆయన ఫోటోలు జాగ్రత్తగా చూస్తే భుజాలు, చేతులు పహిల్వాన్‌వి లాగా కనిపిస్తాయి. ఊరికే రాలేదు ఆ బలం. ఆ తాడు పోయిన గొట్టంలోకి తొంగిచూశాక నాకు ఆ ఓడలో ఇంకేదీ అంత పెద్దదిగా కనిపించలేదు. దేశానికి తన కాళ్ల సంగతి కనబడకూడదు, తను మాత్రం పై డెక్ మీద గాలికి కూర్చోవాలి. రెండూ కుదిరేలా పొగగొట్టంలో లిఫ్టు దాచాడు. ఈ ఆలోచన చేసిన ఇంజినీరెవరో గానీ, ఆయనకి దండం పెట్టాలి.

సరే, ఓడ మీద ఏం చేసేవాడు? చేపలు పట్టేవాడు. స్టాంపులు అతికించుకునేవాడు. ఓడ వెనక భాగంలో మెత్తలు వేసిన గుండ్రటి సోఫా ఉంది, అక్కడ కూర్చుని స్నేహితులతో కబుర్లు. 1939 జూన్‌లో ఇంగ్లండ్ రాజు ఆరో జార్జి, రాణి ఎలిజబెత్ అమెరికా వచ్చారు. గద్దె మీద ఉన్న బ్రిటిష్ రాజు అమెరికాలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. వాళ్లని ఈ ఓడలోనే మౌంట్ వెర్నాన్ తీసుకెళ్లాడు. మౌంట్ వెర్నాన్ ఎవరి ఇల్లు? జార్జి వాషింగ్టన్‌ది. అంటే ఇంగ్లండ్ రాజుని, ఇంగ్లండ్ మీద తిరగబడి గెలిచిన మనిషి సమాధి దగ్గరికి తీసుకెళ్లాడన్నమాట. 1941 మార్చిలో ఈ ఓడ మీద నుంచే రేడియోలో దేశంతో మాట్లాడాడు కూడా.

ఇప్పుడు 1941 ఆగస్టుకి వద్దాం. ఇది కాస్త నిదానంగా చెప్తాను.

యూరప్‌లో యుద్ధం నడుస్తోంది. అమెరికా ఇంకా దిగలేదు. రూజ్‌వెల్ట్, చర్చిల్ రహస్యంగా కలవాలి. ఎలా? ప్రెసిడెంటు కదిలితే పత్రికలవాళ్లు వెంట ఉంటారు. అందుకని చేపలు పట్టడానికి సెలవు మీద వెళ్తున్నానన్నాడు. ఆగస్టు 3న కనెక్టికట్‌లో న్యూ లండన్ అనే రేవులో పొటోమాక్ ఎక్కాడు. మర్నాడు మసాచుసెట్స్ తీరంలో నార్వే యువరాణి మార్తాని, ఆవిడ పిల్లల్ని ఓడ ఎక్కించుకున్నాడు. నార్వేని జర్మన్లు ఆక్రమిస్తే పిల్లలతో అమెరికా వచ్చి తలదాచుకుంటున్నారావిడ. అందరూ కలిసి పగలంతా గాలాలు వేశారు. ఒడ్డున ఉన్నవాళ్లు చూశారు. నిజంగానే సెలవు అనుకున్నారు. సాయంత్రం అతిథులని దింపేశారు.

ఆ రాత్రి పొటోమాక్ మార్తాస్ విన్యార్డ్ అనే దీవి దగ్గరికి వెళ్లింది. చీకట్లో అక్కడ యుద్ధనౌకలు ఎదురుచూస్తున్నాయి. తెల్లవారగానే రూజ్‌వెల్ట్ అగస్టా అనే క్రూజర్ ఎక్కి ఉత్తరంగా వెళ్లిపోయాడు. మరి పొటోమాక్? అది ప్రెసిడెంటు జెండా దించకుండా కేప్ కాడ్ కాలువ గుండా తాపీగా వెళ్లింది. డెక్ మీద మామూలు బట్టల్లో కొందరు కూర్చున్నారు, వాళ్లలో ఒకరిది ప్రెసిడెంటు వేషం. కాలువ గట్టు మీద జనం చేతులూపారు. వీళ్లూ చేతులూపారు. అసలు ప్రెసిడెంటు అప్పటికి సముద్రం మధ్యలో ఉన్నాడు.

న్యూఫౌండ్‌లాండ్‌లో ప్లసెన్షియా బే. ఆగస్టు 9న చర్చిల్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే యుద్ధనౌక మీద వచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. 14న ప్రకటన బయటికొచ్చింది. అదే అట్లాంటిక్ చార్టర్. మనం స్కూల్లో ఒక మార్కు ప్రశ్నకి బట్టీ పట్టిందే. అందులో మూడో అంశం ఏమిటి? తమకి ఎలాంటి ప్రభుత్వం కావాలో ఎంచుకునే హక్కు అన్ని ప్రజలకీ ఉందని. అన్ని ప్రజలకీ. ఆ మాట చదివి మన దేశంలో ఎంతమంది ఆశపడి ఉంటారు? నెల తిరగకుండానే, సెప్టెంబరు 9న, చర్చిల్ పార్లమెంటులో లేచి ఇది నాజీల కింద నలిగిపోతున్న యూరప్ దేశాల సంగతి అన్నాడు. ఇండియాకి, బర్మాకి దానితో సంబంధం లేదన్నాడు. అన్ని ప్రజలంటే మనం కాదన్నమాట.

మర్నాటి ఏడాది, 1942 జులై 1న, గాంధీగారు రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం రాశారు. ఇండియాని, ఆఫ్రికాని బ్రిటన్ దోచుకుంటున్నంత కాలం, మీ ఇంట్లోనే నల్లవాళ్ల సమస్య ఉన్నంత కాలం, స్వేచ్ఛ కోసం యుద్ధం చేస్తున్నామనే మీ మాట డొల్లగా వినిపిస్తుందని రాశారు. ఎంత సూటిగా అడిగారో చూడండి. ఆ తర్వాత నెలలోనే క్విట్ ఇండియా. చేపల వేట అని చెప్పి బయల్దేరిన ఒక యాట్‌కీ మన ఇళ్లల్లో తాతలు జైలుకి వెళ్లడానికీ మధ్య దారి ఇంత దగ్గర. ఈ ఓడ మనకి సంబంధం లేని అమెరికన్ వస్తువు అని నేను అనుకోలేకపోవడానికి కారణం ఇదే.

అన్నట్టు చర్చిల్ వచ్చిన ఆ ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌ని అదే ఏడాది డిసెంబరు 10న జపాన్ విమానాలు మలయా తీరంలో ముంచేశాయి. అంత పెద్ద యుద్ధనౌక నాలుగు నెలల్లో పోయింది. చేపల పడవ వేషం కట్టిన పొటోమాక్ ఇంకా ఉంది.

రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న పోయాడు. పుస్తకాల్లో ఓడ కథ కూడా అక్కడితో అయిపోతుంది. నాకు మాత్రం అక్కడే మొదలవుతుంది.

ఆ ఏడాది చివర్లో నౌకాదళం దాన్ని వదిలించుకుంది. మేరీలాండ్ రాష్ట్రంలో చేపల శాఖ తీసుకుంది. 1960 దాకా వాళ్ల దగ్గరే ఉంది. తర్వాత ప్రైవేటు చేతుల్లో పడింది. కొన్నాళ్లు కరీబియన్‌లో, ప్యూర్టో రికో వైపు, జనాన్ని చేరవేసే ఫెర్రీగా తిరిగింది. ఇంకొకరు కొని, 1962లో సియాటిల్‌లో జరిగే వరల్డ్ ఫెయిర్‌లో టికెట్టు పెట్టి చూపిద్దామనుకున్నారు. అది సియాటిల్ చేరలేదు. దక్షిణ కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్‌లోనే ఆగిపోయింది. డబ్బులు కట్టేవాళ్లు లేరు. తుప్పు పడుతూ కూర్చుంది.

1964 జనవరిలో వేలం వేశారు. 55 వేల డాలర్లకి ఒకాయన పాడుకున్నాడు. ఎవరు? ఎల్విస్ ప్రెస్లీ!

పిల్లలు నవ్వుతున్నారు. నిజమే బాబూ, పాటల ఎల్విసే. ఎందుకు కొన్నాడు? తన కోసం కాదు. మార్చ్ ఆఫ్ డైమ్స్ అని ఒక సంస్థ ఉంది. పోలియో మీద పోరాటానికి రూజ్‌వెల్ట్ పెట్టిందే. పిల్లలు కూడా పది సెంట్ల నాణేలు పంపితే పోగుపడ్డ డబ్బుతో నడిచింది. పోలియో టీకా పరిశోధనకి ఆ డబ్బే పోయింది. టీకా వచ్చాక కుర్రకారు వేయించుకోవడం లేదని, 1956లో న్యూయార్క్‌లో ఫోటోగ్రాఫర్ల ముందు చొక్కా చేయి పైకి మడిచి టీకా వేయించుకున్నది ఎవరనుకుంటున్నారు? ఈ ఎల్విసే. అప్పటికి ఆయనకి 21 ఏళ్లు. కాబట్టి రూజ్‌వెల్ట్ ఓడని రూజ్‌వెల్ట్ పెట్టిన సంస్థకి ఇద్దామనుకున్నాడు.

వాళ్లు వద్దన్నారు. ఎందుకు? ఆలోచించండి. ఓడని ఉచితంగా ఇస్తే మాత్రం, దాన్ని నిలబెట్టడం ఉచితమా? రేవు అద్దె, రంగు, పంపులు, కాపలా. దానం పుచ్చుకున్న రోజు నుంచి ఖర్చే. ఇంకో చోట కూడా అడిగి చూశారు, కుదరలేదు. చివరికి మెంఫిస్‌లో పిల్లల కేన్సర్ కోసం పెట్టిన సెయింట్ జూడ్ ఆసుపత్రికి ఇచ్చాడు. ఆసుపత్రి పెట్టిన నటుడు డానీ థామస్ ఫిబ్రవరి 14న లాంగ్ బీచ్ వచ్చి అందుకున్నాడు. ఫోటోలు తీసేవాళ్లు నిలబడే వైపు మాత్రమే ఓడకి కొత్త రంగు వేశారని చెబుతారు. ఆసుపత్రివాళ్లు దాన్ని అమ్మేసుకుని ఆ డబ్బు వైద్యానికి వాడుకున్నారు. వాళ్లు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆసుపత్రికి ఓడెందుకు? కానీ ఓడ మళ్లీ దిక్కులేనిదయింది.

అక్కడి నుంచి చేతులు మారుతూ మారుతూ కిందికి జారింది. 1980లో శాన్ ఫ్రాన్సిస్కోలో కస్టమ్స్‌వాళ్లు పట్టుకున్నారు. మత్తుమందుల రవాణా ముఠా దాన్ని వాడుకుంటోందని కేసు. అంగరక్షకులు ప్రాణానికి ప్రాణంగా కాపాడిన ఓడ, పోలీసులు జప్తు చేసిన సరుకయింది.

మనం రోజూ బే బ్రిడ్జి మీద ఆఫీసుకి వెళ్తూ చూస్తుంటామే, ట్రెజర్ ఐలాండ్, అక్కడికి లాక్కెళ్లి కట్టేశారు. 1981లో అడుగున కర్ర దిమ్మె గుచ్చుకుని, నీళ్లు ఎక్కి, ఉన్నచోటే మునిగిపోయింది. తుపాను లేదు, యుద్ధం లేదు. కట్టేసిన తాడు చివరే మునిగింది. నేను మొదట చెప్పింది ఇదే. పాత ఓడలని సముద్రం చంపదు. పట్టించుకోకపోవడం చంపుతుంది. రెండు వారాలకి నౌకాదళంవాళ్లు పైకి తీశారు. వేలానికి పెట్టారు.

ఎంతమంది పాడటానికి వచ్చారు? ఒక్కరు. ఓక్లండ్ పోర్టు. 15 వేల డాలర్లకి కొంది. అప్పట్లో మంచి కారు ధర. బురద, తుప్పు నిండిన ఉక్కు డొప్పని పోర్టువాళ్లు ఎందుకు కొన్నారని అప్పుడు అడిగినవాళ్లు ఉండే ఉంటారు. నన్నడిగితే, ఆ ఓడ కథలో రూజ్‌వెల్ట్ తర్వాత చెప్పుకోవాల్సిన యజమాని వాళ్లే. ఎల్విస్ కంటే ముందు వాళ్లని చెప్పాలి. ఎల్విస్ దగ్గర కొద్ది వారాలే ఉంది. వీళ్లు 12 ఏళ్లు పట్టుబట్టారు. కార్మిక సంఘాలవాళ్లు వచ్చారు, రిటైరైనవాళ్లు స్వచ్ఛందంగా వచ్చి సుత్తులు పట్టుకున్నారు, అందరూ కలిసి 50 లక్షల డాలర్లు పోగుచేసి బాగుచేశారు. 15 వేలకి కొన్నదానికి 50 లక్షలు! 1990లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపొచ్చింది. 1995లో తలుపులు తెరిచారు. ఆ ఉత్తుత్తి పొగగొట్టం, దాంట్లో లిఫ్టు మళ్లీ వాటి చోట్లోకి వచ్చాయి.

ఇక అక్క సంగతి. సెకోయాని మరిచిపోయాననుకోకండి.

పొటోమాక్ వచ్చాక కూడా సెకోయా ప్రభుత్వం దగ్గరే ఉంది. కెన్నెడీ తన 46వ పుట్టినరోజు, అదే ఆఖరి పుట్టినరోజు, 1963 మే 29న ఆ ఓడ మీదే చేసుకున్నాడు. రూజ్‌వెల్ట్ కోసం అందులోనూ ఒక లిఫ్టు పెట్టారు. కెన్నెడీ తర్వాత ప్రెసిడెంటుగా జాన్సన్ వచ్చాక అది తీయించి అక్కడ బార్ పెట్టించారని చెబుతారు. నాకు ఇది విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. నడవలేని ఒక మనిషి పైకి చేరుకున్న చోటు అది. కొత్త యజమానికి అది అడ్డుగా ఉన్న ఇనప సామాను. పాత ఓడల్లో ఇది ప్రతి చోటా జరుగుతుంది. అందుకే ఎవరైనా పాత యాట్ కొంటే ముందు రంగులు, ఫర్నిచర్ చూడొద్దంటాను. పాత కాగితాలు, పాత ఫోటోలు చూడమంటాను.

1977లో కార్టర్ వచ్చి, ప్రజల డబ్బుతో ప్రెసిడెంటుకి యాట్ ఏమిటని సెకోయాని అమ్మేశాడు. 2 లక్షల 86 వేల డాలర్లు. ఆయన మాటలో న్యాయం ఉంది, కాదనను. కానీ చెక్క ఓడకి ఒక ఏడాది కూడా విరామం ఇవ్వకూడదు. ఉక్కు ఓడ మునిగినా తీసి కడుక్కోవచ్చు. చెక్క ఓడ అలా కాదు, మంచినీళ్ల వాన కారితే పైనుంచి పుచ్చుతుంది, వదిలేస్తే లోపల్నుంచి కుళ్లుతుంది. సెకోయా చేతులు మారింది, అప్పుల్లో పడింది, కోర్టుకెక్కింది. వర్జీనియాలో ఒక యార్డులో ఏళ్ల తరబడి పైకి తీసి ఉంచేశారు. యజమానులు కోర్టులో కొట్టుకుంటుంటే రకూన్లు అనే అడవి జంతువులు లోపల కాపురం పెట్టాయి. 2016లో డెలవేర్ జడ్జి తన తీర్పులోనే రకూన్ల సంగతి రాశాడు. అంతమంది ప్రెసిడెంట్లు కూర్చున్న గదులవి.

2019లో దాన్ని బార్జ్ మీద, అంటే సరుకులు మోసే బల్లపరుపు పడవ మీద పెట్టి, తన కాళ్ల మీద తేలే స్థితి లేదు కాబట్టి, మెయిన్ రాష్ట్రంలో బెల్ఫాస్ట్ అనే ఊరికి తీసుకెళ్లారు. అక్కడ చెక్క ఓడల పని తెలిసిన వడ్రంగులు ఉన్నారు. పలకలు చాలావరకు కొత్తవి వేయాల్సిందే. నిలిచేది ట్రంపీ గీసిన ఆకారం.

ప్రశ్నలకి పది నిమిషాలు ఉంచమన్నారు నిర్వాహకులు. ఆ చివర అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉంది, ముందు తనని అడగనివ్వండి. చెప్పమ్మా.